పాప గదిలో తేమ

"ఇంట్లో బట్టలారేస్తే గోడలకి బూజు పట్టక ఏం చేస్తుంది?" అని అత్తగారు అన్న ప్రతిసారీ ఆమె తడిబట్టల బకెట్టు ఎత్తుకుని మేడ మీదకి నడిచేది. వానొస్తే మళ్లీ పరుగు. ఇంతా చేసినా పాప గదిలో గోడ మూల నల్లబడుతూనే ఉంది, పాప దగ్గుతూనే ఉంది. "ఇంటి పట్టునే ఉంటావు, ఒక్క గది పొడిగా ఉంచలేవా?" అన్నాడు భర్త ఓసారి. అన్నవాడు మరిచిపోయాడు. ఆమెకి మాత్రం పాప దగ్గినప్పుడల్లా ఆ మాటే వినిపించేది. ఏమో, నిజంగా నావల్లేనేమో అనుకునేది. వాళ్లు అన్నందుకు కాదు, తనూ నమ్మేసినందుకే అసలు బాధ.

పాప పుట్టకముందు ఆమె కరెంటు మీటర్లు తయారుచేసే కంపెనీలో సోల్డరింగ్ చేసేది. అటక మీంచి ఆ సామాను దించి, వేడినీ తేమనీ కొలిచే సెన్సరుకి వైఫై చిప్పు, బ్యాటరీ కలిపి అతికింది. మొదట దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. అది తన డబ్బాలో గాలినే కొలుచుకుంటూ కూర్చుంది. తన తెలివికి తనే నవ్వుకుని చిల్లులు పొడిచింది. అలాంటిదే ఇంకోటి చేసి, ఒకటి పాప గదిలో, ఒకటి హాల్లో పెట్టింది. అవి కాసేపటికోసారి లేచి, గాలి సంగతి ఆమె ఫోనుకి చెప్పి, బ్యాటరీ అరగకుండా మళ్లీ పడుకునేవి. పని కాగానే పడుకునే భాగ్యం ఆ ఇంట్లో వాటికే ఉంది మరి. "బొమ్మలాట మొదలెట్టావా?" అన్నాడు భర్త.

తర్వాత బంధువుల పెళ్లికని ఇంటికి తాళం వేసి అందరూ ఊరెళ్లారు. ఇంట్లో స్నానాల్లేవు, వంట లేదు, తడిబట్ట ఒక్కటి లేదు. మర్నాడు పెళ్లివారింట్లో ఓ మూల నిలబడి ఆమె ఫోను చూసింది. హాల్లో తేమ బాగా దిగింది. పాప గదిలో పిసరంతైనా తగ్గలేదు. ఆ గోడకి అవతల బాత్రూం. కిందటేడు అక్కడ పైపు కారితే, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అని ప్లంబర్ని పిలవకుండా భర్తే టేపు చుట్టి, పైన టైలు అతికించేశాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. గుండె మీది బండ దిగిపోయింది. తను కాదు. పాప దగ్గుకి కారణం తను కాదు.

ఇంటికొచ్చాక ప్లంబరు టైలు ఊడదీస్తే, ఆ టేపు నానిపోయి వేలాడుతోంది. భర్త దాన్ని చూసి, ఏదో ఫోనొచ్చినట్టు బయటికి నడిచాడు. వెంటపడి సాధించాలని ఆమెకి అనిపించలేదు, హాయిగా ఉంది.

అత్తగారు మాత్రం తడిగోడని చేత్తో తడిమి చూసింది. "మా అత్తగారు పోయేదాకా నన్నూ ఇదే అందమ్మా, నా తడిబట్టల వల్లే ఇల్లు పాడైందని," అంది మెల్లగా. "ఆ గోడలో ఏముందో ఎవరూ చూడలేదు."

భర్త తిరిగొచ్చేసరికి ఆమె సోల్డరింగ్ సామాను భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చుంది. తడిబట్టల బకెట్టు గుమ్మంలో ఉంది.

"అవి మేడ మీద ఆరేసి రండి," అంది తలెత్తకుండా. "నాకు పనుంది."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ లోపలికెళ్లి క్లిప్పుల డబ్బా తెచ్చి, బకెట్లో బట్టల మీద పెట్టింది.