లోపలి గదిలో ఫోను

"మళ్ళీ తెగింది. ఇది తొమ్మిదోసారి," అంది జుమ్వా.

అవతల కరాచీలో తేయాకు కొనేవాళ్ళు పొద్దున్నించి ఫ్యాక్సు కోసం కాచుకుని కూర్చున్నారు. ఓడ కాగితాలు మధ్యాహ్నం పన్నెండులోపల అందకపోతే వాళ్ళు ఆఫీసు మూసేసి పోతారు, సరుకు మొంబాసా రేవులోనే పడి ఉంటుంది. సరుకు సంగతి దేవుడెరుగు, జుమ్వా ఉద్యోగం ఊడుతుంది. పాత ఫ్యాక్సు యంత్రాన్ని వదిలించి కంప్యూటరూ, దాన్ని ఫోను లైనుకి కలిపే మోడెమూ కొనిపించింది తనే మరి. యజమాని చెంగో ఆ రోజే తేల్చి చెప్పాడు, ఈ డబ్బా మొండికేస్తే దాంతోపాటు నువ్వూ బయటికేనని.

మెకానిక్కు ఒడెరా వచ్చి గంటయింది. మోడెము వేగం సగానికి తగ్గించాడు, వైరు మార్చాడు, ఫ్యాక్సు ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఏం లాభం? నంబరు కలుస్తుంది, అవతల ఎత్తుతారు, మొదటి కాగితం సగం పోగానే పుటుక్కున తెగుతుంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. చెంగో మహమ్రి రొట్టె నములుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం, మీ పెళ్ళి తంతు ఇంకా ముగియలేదా?"

"ఒక్క పది నిమిషాలు, పెద్దాయనా."

"పదింటికీ ఇదే కూశావు. ఓయ్ మెకానిక్కూ, బాగుచెయ్యడానికొచ్చావా, మా చాయ్ తాగిపోడానికొచ్చావా?"

"తాగాలంటే ముందు ఇవ్వాలి కదండీ," అన్నాడు ఒడెరా.

"నోరు ముయ్! ఆ దరిద్రపు డబ్బా కూతకి నా చెవులు తూట్లు పడుతున్నాయి. పొద్దున్నించి ఒకటే కీచు. బయట పారెయ్యండి దాన్ని!"

తలుపు ధడాలున మూసుకుంది.

జుమ్వా, ఒడెరా మొహమొహాలు చూసుకున్నారు. మోడెము కూత వినపడకుండా కొన్నరోజే ఆపేసింది జుమ్వా. పక్కనే కూర్చున్న తమకి వినపడని కూత, మూసిన తలుపు వెనకున్న మనిషి చెవిలో ఎలా పడింది?

"అక్కా, లోపల ఇదే లైను మీద ఇంకో ఫోను ఉందా?" ఒడెరా గొంతు తగ్గించి అడిగాడు.

ఉంది. గుమాస్తాలు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో రిసీవరు ఎత్తి వినడం రేవు వీధిలో యజమానులందరికీ ఉన్న జబ్బే. మా పెద్దాయన అలాంటివాడు కాదని ఆరేళ్ళుగా అందరితోనూ వాదించింది జుమ్వా. యంత్రాలు రెండూ మాట్లాడుకుంటుంటే మధ్యలో ఇంకో రిసీవరు లేచిందా, ఇక ఆ మాట సాగదు. తొమ్మిదిసార్లూ ఎత్తాడు మహానుభావుడు.

గడువుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఒడెరాకి మళ్ళీ నంబరు కలపమని చెప్పి, జుమ్వా తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది. చెంగో చెవి దగ్గర రిసీవరు ఉంది. ఆమె గోడలోంచి ఆ ఫోను వైరు పీకేసింది.

"పొగరెక్కిందా నీకు?"

"మీరు వింటున్నంతసేపూ కాగితం పోదు."

"నా ఆఫీసు, నా ఫోను. వింటా! ఆరేళ్ళనుంచీ వింటూనే ఉన్నా. మీరు వేసే వేషాలు నాకు తెలియొద్దూ?"

"అక్కా, మొదటి కాగితం దాటింది!" బయటనుంచి ఒడెరా కేక వేశాడు.

జుమ్వా కదల్లేదు. మార్చిలో ఆమె కడుపు పోయింది. భర్తకి కూడా చెప్పుకోలేక, ఆఫీసులో తన బల్ల మీది ఫోనులో ఆసుపత్రి నర్సుకొక్కదానికే చెప్పుకుంది. మూడోరోజు చాయ్ వేళ చెంగో అందరి ముందూ, "కడుపు నిలుపుకోలేనివాళ్ళు పనేం నిలుపుతారు?" అని నవ్వాడు. ఏదో నోటికొచ్చి అన్నాడనుకుంది ఆ రోజు.

"మార్చిలో కూడా విన్నారా?" అని అడిగింది.

చెంగో నమలడం ఆపాడు. కిటికీ వైపు తిరిగాడు. ఆమె ఒళ్ళంతా అసహ్యంతో మండిపోయింది.

"నాలుగు కాగితాలూ చేరాయక్కా!"

"సరే, బతికిపోయావు," అన్నాడు చెంగో. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. ఆ వైరు గోడకి తగిలించి వెళ్ళి పని చూసుకో."

జుమ్వా వైరుని ఆయన బల్ల మీద పడేసింది.

"మీరే తగిలించుకోండి. మీరు వినడానికి ఇక నేనుండను."

సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా ఏడవలేదు.