మూర్ఛవాడి చేతికి ఇనుము

మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని రొంపిచెర్ల వైపు పుట్టిన ప్రతి వెధవకీ తెలుసు. నేను మాత్రం గుంటూరు పెద్దాసుపత్రి డాక్టరు మాటే నమ్మాను.

నా కొడుకు దానియేలుకి ముక్కుకి రెండు పక్కలా ఎర్రటి బుడిపెలు, వీపు మీద ఆకుల్లాంటి తెల్లమచ్చలు. అవీ మూర్ఛలూ అన్నీ ఒకటే జబ్బు అన్నాడాయన. ట్యూబరస్ స్క్లెరోసిస్‌ట. నాకు నోరు తిరగలేదు. మెదడులోనూ అలాంటి గడ్డలే ఉంటాయట, పుట్టుకతో వచ్చాయట, పోవట. బిళ్ళలు పూట తప్పకుండా మింగితే మూర్ఛలు అదుపులో ఉంటాయి, మానేస్తే ప్రాణం మీదికొస్తుంది అన్నాడు. పడిపోతే పక్కకి ఒత్తిగిలబెట్టు, చేతిలో గానీ నోట్లో గానీ ఏమీ పెట్టొద్దు అన్నాడు.

బిళ్ళలతో వాడికి మగత. వరికోతల్లో వెనకబడేవాడు. "కునికేవాడికి కూలెందుకురా?" అని మేస్త్రీ బసవపున్నయ్య అందరి ముందూ ఎగతాళి చేశాడు. ఇరవై రెండేళ్లవాడికి రోషం ఉండదూ? నాకు చెప్పకుండా బిళ్ళలు మానేశాడు.

ఆ వారమే చేలో పడ్డాడు. కేక విని నేను పక్క మడి నుంచి పరిగెత్తేసరికి, బసవపున్నయ్య వాడి రొమ్ము మీద మోకాలు పెట్టి తన కొడవలి వాడి గుప్పిట్లో దూరుస్తున్నాడు.

"మేస్త్రీ, పెట్టబాకు! తీసెయ్!"

"నువ్వు ఊరుకోవే ఆరోగ్యం! నాకు తెల్దా ఏంది?"

దానియేలు చెయ్యి ఎగిరి పడింది. కొడవలి బసవపున్నయ్య చెంపని చెవి నుంచి గడ్డం దాకా చీల్చింది. నెత్తురు ఇద్దరి మీదా చిమ్మింది. నా బిడ్డకి ఆ సంగతే తెలియదు, నురగ కక్కుతూ కొట్టుకుంటూనే ఉన్నాడు.

"మా నాయన్ని నరికాడ్రా!" అంటూ మేస్త్రీ కొడుకు కర్ర తీశాడు. మొదటి దెబ్బ దానియేలు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను నా బిడ్డ మీద పడి కప్పేశాను. రెండో దెబ్బకి నా వీపు పగిలింది. మూడోసారి కర్ర నా బిడ్డ తల మీదికి లేచేసరికి, వాడి గుప్పిట్లోంచి జారిన కొడవలి నా చేతిలో ఉంది. ఒక్క వేటు వేశాను. కర్రతో పాటు రెండు వేళ్లు వరి మోళ్ల మధ్య పడ్డాయి.

"రండ్రా! ఇంకెవుడికి కావాలో రండి!"

ఒక్క మగాడూ కదల్లేదు. నేను దానియేలుని పక్కకి ఒత్తిగిలబెట్టి, పైటతో నురగ తుడిచాను.

జీపులో ఎస్సై వచ్చాడు. ఎవరు నరికారని అడిగాడు. దానియేలుని లాకప్పులో వేస్తే బిళ్ళలు ఎవరిస్తారు? మళ్లీ పడితే దొంగ మూర్ఛ అని ఇంకో నాలుగు తగిలిస్తారు. నా బిడ్డ బతకడు.

"ఇద్దర్నీ నేనే నరికానయ్యా," అన్నాను.

ఎస్సై, చెంపకి తుండుగుడ్డ అదుముకున్న బసవపున్నయ్య వైపు తిరిగాడు. అసలు సంగతి చెబితే, కొడవలి వాడి చేతికి ఎవరిచ్చారో కూడా అతను చెప్పుకోవాలి. పైగా కొడుకు వేళ్లు పోయిన కసి.

"ఆ ముండేనయ్యా. నన్నూ అదే నరికింది."

నా జన్మలో ఒక తిట్టుకి అంత సంతోషపడింది లేదు.

నన్ను జీపు ఎక్కిస్తుంటే మా చెల్లెలు కాంతమ్మ ఏడుస్తూ వెంటపడింది.

"ఏడవబాకే! ముందు వాడి కాలు కట్టించు. బిళ్ళలు నీ చేత్తో వెయ్యి. మింగాడో లేదో నోరు తెరిపించి చూడు. కునికితే కునకనియ్యి, బతికుంటాడు!"