మా ఆవిడ స్టీరింగ్, నా గుండె

బస్సు డ్రైవర్ని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో మా ఆవిడని అడగండి. గుండె లయ తప్పుతోందని, అది కుదురుకుంటేనే మళ్ళీ బస్సని డిపోలో తేల్చేసినప్పటి నుంచి ఆమె బుర్ర తింటున్నాను. ఇదివరకు చేసిన చికిత్స పనిచేయలేదు. ఇప్పుడేదో కొత్త పద్ధతి పరీక్షిస్తున్నారంటే ఒప్పుకున్నాను. గుండె లోపలికి వెళ్ళి గొడుగులా విచ్చుకునే సన్నని తీగ ఒకటి పంపిస్తారు. గుండెను తప్పుదారి పట్టించే చోటు తెరమీద రంగుల్లో కనబడుతుంది. అక్కడ కాల్చేస్తారు. ఒకటే షరతు, చూసేటప్పుడు గుండె గంతులు వేస్తూ ఉండాలి.

వేస్తేగా! ఇంట్లో పులి, వీధిలో పిల్లి. బల్లమీద పడుకోబెట్టగానే బుద్ధిగా టిక్కు టిక్కుమంది. మందు ఎక్కించారు, తీగతో కదిలించారు. కాసేపు ఎగిరి మళ్ళీ దారిలో పడింది. మత్తు కొంచెమే ఇచ్చారు కాబట్టి అన్నీ వినబడుతూ ఒళ్ళు మండిపోతోంది.

"మామూలుగా ఎప్పుడు మొదలవుతుందండీ మీకు?" అంది డాక్టరమ్మ.

"ఏమో, గుర్తులేదండీ."

గుర్తుంది. మా ఆవిడ కారు నేర్చుకుంటానని స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా. డ్రైవర్ని అయ్యుండి ఆ మాట చెప్తే పరువేం కావాలి?

అద్దం అవతల తెర ముందు కూర్చున్న టెక్నీషియన్ నా బావమరిదే. నా గుట్టు వాడికి తెలుసు. వాడి నోట్లో నువ్వు గింజ నానదు. మైకులో కిసుక్కున నవ్వాడు.

"బావా, చెప్పడం మర్చిపోయా. అక్క ఇవాళ నీ కారు తనే నడుపుకుంటూ వచ్చింది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. మార్కెట్ రోడ్డు మీంచి."

నా గుండె గుభేలుమంది.

"వచ్చేసింది, వచ్చేసింది!" డాక్టరమ్మ చిన్నపిల్లలా కేకేసింది. "ఆపకండి, ఇంకా చెప్పండి!"

"రివర్సులో పార్క్ చేసింది బావా."

తెరమీద ఎరుపు, పసుపు, నీలం గిర్రున తిరిగాయి. ఒక మూల మాత్రం బొంగరంలా ఉన్నచోటే సుడి. "దొరికాడు దొంగ," అంటూ డాక్టరమ్మ కాల్చేసింది. గుండె తడబడి, సర్దుకుంది. మళ్ళీ రెచ్చగొట్టి చూశారు, చలించలేదు. నాకు నవ్వాగలేదు. కదలొద్దని అరుస్తూనే వాళ్ళూ నవ్వారు.

"మరి బస్సు?"

"బయటికెళ్ళాక కూడా ఇలాగే ఉంటే, అప్పుడు చూద్దాం."

మర్నాడు ఇంటికి పంపించారు. "గుండెలు తీసిన బంటువిరా, ఎంత అబద్ధం ఆడావు!" అని ఆసుపత్రి గుమ్మం దగ్గర బావమరిది చెవి మెలేశాను.

"అబద్ధమెందుకు బావా?" అని వేలు చూపించాడు.

ఎదురుగా నా కారు. వెనక బంపర్ వేలాడుతోంది. డ్రైవర్ సీట్లో మా ఆవిడ.

"ఎక్కండి," అంది.

ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. గేటు స్తంభం వెంట్రుకవాసిలో తప్పింది. కారు ఓ లారీ ముందు దూరింది. లేని బ్రేకుని నా కాలు తొక్కుతూనే ఉంది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. టిక్కు, టిక్కు.

"ఎందుకే నీకీ పిచ్చి?" అన్నాను ఇంటి ముందు ఆగాక.

"మీకు ఏ వేళప్పుడు ఏమవుతుందో అని. అప్పుడు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?" స్టీరింగ్‌ని ఇంకా రెండు చేతులతో బిగించి పట్టుకునే ఉంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛాతీ మీది చెయ్యి తియ్యకుండానే అన్నాను.

"ఇంకో చుట్టు తిప్పవే."