పొట్టలో సుభానీ

పొద్దున టీ దించగానే ఖదీజా మనవరాలి గౌను పైకెత్తి పొట్టకు చెవి ఆనించేది.

"ఏవయ్యా, ఈ పూటేం తింటావు?"

"ఉప్మా చెయ్యవే. నూనె గట్టిగా పొయ్యి," అనేది లోపల్నుంచి సుభానీ గొంతు.

మాచర్లలో ఆ సందులో అందరికీ తెలిసిందే ఇది. నాపరాయి క్వారీలో పనిచేసిన ఖదీజా మొగుడు సుభానీ నిరుడు ఆయాసంతో పోయాడు. తర్వాత మనవరాలు ఫాయిజా కడుపులో పెరిగిన ఏలికపాములు ఆయన గొంతుతోనే మాట్లాడటం మొదలుపెట్టాయి. పక్కింటివాళ్లు గోడవతల నుంచి "బాగుండావా సుభానీ భాయ్?" అని పలకరించి తమ పనికి పోయేవాళ్లు.

ఆరేళ్ల ఫాయిజాకు మాత్రం కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి. పొట్టొక్కటే ఉబ్బి నిగనిగలాడేది. మురిక్కాలవ పక్కన ఆడి, ఆ బురద చేతులతోనే జాంకాయ తినేది. నోరు తెరిస్తే పుల్లకంపు.

ఒకరోజు అన్నం తింటూ పొలమారి దగ్గింది. జానెడు తెల్లటి పురుగు కంచంలో పడి, జిగురు కారుతూ పప్పులో మెలికలు తిరిగింది.

"ఉప్పు తగ్గిందే ఖదీజా," అంది పురుగు.

తల్లి అంజుమ్ వాకిట్లోకి పరిగెత్తి భళ్లున కక్కుకుంది. ఖదీజా ఉప్పు డబ్బా అందుకుంది.

ఆ సాయంత్రమే అంజుమ్ ఆశా వర్కర్ మంగమ్మ దగ్గరికెళ్లి నులిపురుగుల మాత్ర తెచ్చింది.

"బాగా నమిలించి మింగించమంది మంగమ్మక్క. అన్నీ దొడ్డికి పడిపోతాయంట. తర్వాత సబ్బుతో చేతులు కడిగించకపోతే మళ్లీ పడతాయంట అత్తమ్మా."

ఖదీజా ఆ మాత్ర లాక్కుని కొంగున ముడేసుకుంది. "మీ మామను మళ్లీ చంపుతావటే?"

"మామ కాదు అది, పురుగు!"

"మాట ఆయనదేగా!"

మర్నాడు ఫాయిజా కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఖదీజా పొట్ట నిమిరింది. అరచేతి కింద ఉండలు ఉండలుగా ఏదో పాకింది. ఒళ్లు జలదరించినా చెయ్యి తియ్యలేదు.

"ఏవయ్యా, పిల్ల చానా చిక్కిపోతంది. కొంచెం తగ్గించి తినరాదా?"

"పిల్ల సంగతి నాకెందుకే? నాకు పెట్టు."

"చచ్చిపోయేట్టుందయ్యా!"

"చావనీ. దాని ముద్ద కూడా నాకే పెట్టు."

ఖదీజా చెయ్యి చటుక్కున వెనక్కొచ్చింది. సుభానీ బతికున్నప్పుడు క్వారీ నుంచి ఒళ్లంతా దుమ్ముతో వచ్చి, క్యారేజీలో తినకుండా దాచిన గుడ్డు మనవరాలి నోట్లో పెట్టేవాడు. ఇన్నాళ్లూ తను ముద్దు చేసింది ఆయన్ని కాదని ఖదీజాకు అప్పుడు తెలిసింది. కొంగు ముడి విప్పింది.

"ఏమే, ఏందది?" అంది గొంతు.

ఖదీజా "నములు తల్లీ, మెత్తగా నములు," అంటూ మాత్ర మనవరాలి నోట్లో పెట్టింది.

మరుసటి పొద్దున దొడ్లో ఒకదాన్నొకటి చుట్టుకున్న పురుగుల ముద్ద పడింది. ఇంకా కదులుతోంది. "ఆకలే... ఖదీజా... ఆకలే..." అని గురగురలాడింది. ఖదీజా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆ గొంతు ఆగిందాకా బకెట్లతో నీళ్లు కుమ్మరించింది. మనవరాలి చేతులు సబ్బుతో కడిగింది. తన చేతులు ఎంతసేపు రుద్దుకున్నా జిగురు వదల్లేదనిపించింది.

తర్వాత గడపలో కూలబడి, మొగుడు పోయాక మొదటిసారి గుండెలు బాదుకుని ఏడ్చింది. అంజుమ్ పక్కన కూర్చుంది. పక్కింటివాళ్లు ఇప్పుడే చావు కబురు విన్నట్టు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

లోపల్నుంచి ఫాయిజా ఖాళీ కంచం పట్టుకొచ్చింది.

"దాదీ, ఇంకొంచెం అన్నం పెట్టవా?"

ఖదీజా కళ్లు తుడుచుకుని లేచింది.