బుధవారం తెరవని మిఠాయి కొట్టు

బీమా కంపెనీ తరఫున కాలిన ఇళ్లు చూడటం నా పని. నిజంగా ఇల్లు పోయినవాడు బూడిదలో ఫొటోలు వెతుక్కుంటాడు. ఈసారి ఇల్లు కాలిన ఇనోహర మాత్రం డబ్బు ఎప్పుడొస్తుందని అడిగాడు. వీధి సంఘానికి పెద్దమనిషట. అలాంటి పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్లు మంట.

"మంగళవారం రాత్రి పిల్లి దుప్పటి లాగి పొయ్యి మీద పడేసిందండీ. కట్టుబట్టలతో బయటపడ్డాను. చెంచా కూడా మిగల్లేదు," అన్నాడు.

నోరులేని పిల్లి మీద నేరం తోసేసిన ఘనుడు! అది చలికి గదిలో పెట్టుకునే కిరసనాయిలు పొయ్యి కాబట్టి కిరసనాయిలు వాసన ఎక్కడొచ్చినా పొయ్యిదే అంటాడు. అబద్ధమని తెలుస్తూనే ఉంది, రుజువే లేదు.

పక్కింటి కినుయో బామ్మగారి వంటిల్లు, పడకగది కూడా కాలిపోయాయి. ఆవిడకు బీమా లేదు. పొరపాటున అంటుకున్న నిప్పుకు పక్కింటివాళ్లకు ఒక్క యెన్ కూడా ఇవ్వక్కర్లేదని మా చట్టం. కావాలని అంటిస్తే మాత్రం మొత్తం కట్టాలి. ఆ సంగతి ఇనోహరకు నాకంటే బాగా తెలుసు.

టార్పాలిన్ కింద కూర్చోబెట్టి బామ్మగారు నాకు టీ, ఎర్రచిక్కుళ్ల మిఠాయి పెట్టారు.

"ఆ మహానుభావుడు తెచ్చిందే. తెల్లారేసరికి గుమ్మంలో ఉన్నాడు. నేల దాకా వంగాడులే! నా ఇల్లు పోయింది, మిఠాయి వచ్చింది. తిను బాబూ, నాకు గొంతు దిగట్లేదు."

మా దగ్గర ఎవరింట్లో నిప్పు పుడితే వాళ్లు మర్నాడు పొద్దున్నే మిఠాయి పెట్టెలతో గడపగడపకీ తిరిగి క్షమాపణ చెప్పుకోవాలి. ఆలస్యమైతే వీధి వీధంతా ఉమ్మేస్తుంది. పెట్టె మీది కాగితం చూశాను. వంతెన పక్కనున్న కొంగ బొమ్మ కొట్టుది. ముక్క నా నోట్లోనే ఆగిపోయింది.

"బామ్మగారూ, ఇనోహరగారిని ఒకసారి పిలవండి," అన్నాను.

వచ్చాడు, వంగాడు, కూర్చున్నాడు.

"మిఠాయి చాలా బాగుందండీ. ఎక్కడ కొన్నారు?"

"కొంగ బొమ్మ కొట్లోనండీ!" అంటూ ఉబ్బిపోయాడు. "క్షమాపణకి సూపర్ మార్కెట్ సరుకు ఇస్తామా? మా ఇంటి పరువేం కాను? ఎప్పుడూ స్వయంగా వెళ్లి కొంటాను."

"ఎప్పుడు కొన్నారు?"

"ఆ పొద్దున్నే."

"బుధవారం పొద్దున్న?"

"అవును మరి."

"అయ్యో నాయనా, బుధవారం వాళ్లు కొట్టు తియ్యరుగా! నా చిన్నప్పటి నుంచీ అంతే," అన్నారు బామ్మగారు.

ఇనోహర పెట్టె మీది కాగితం వైపు చూశాడు.

"ఇంట్లో... ఇంట్లో ముందే ఉన్నాయి," అన్నాడు.

"చెంచా కూడా మిగలని ఇంట్లో వీధికంతా సరిపడా మిఠాయి మిగిలిందా?" అన్నాను. "నిప్పు పెట్టకముందే క్షమాపణ కొనుక్కుని వేరే చోట దాచుకున్నారన్నమాట."

సిగ్గులేని మనిషి! ఆవిడ పడుకునే గది కాలుతుందని ముందే తెలుసు. తెలిసీ అతను బాధపడింది ఏ కొట్లో మిఠాయి కొనాలా అని మాత్రమే. నా సర్వీసులో ఇంత అసహ్యం ఎవరి మీదా కలగలేదు.

బామ్మగారు పెట్టెకు మూత పెట్టి అతని ముందుకు నెట్టారు.

"నా గదులు కట్టించాక మళ్లీ రా, క్షమాపణ చెబుదువుగాని," అన్నారు. "మిఠాయి మాత్రం ముందే కొనకు."