వదిన ఆఖరి మాట

పన్నెండేళ్లుగా నేను పలుకుతున్న వదినను చంపేస్తున్నారని నాకు చెప్పింది నిర్మాత కాదు, స్టూడియో గేటు దగ్గర కూర్చునే కాపలా ఆయన. "శనివారంతో మీ వదినకి నూకలు చెల్లాయటగా అమ్మా?" అన్నాడు, వాన పడుతుందటగా అన్నంత మామూలుగా.

రేడియో నాటకంలో ఆమెకు పేరు లేదు, అందరికీ వదినే. మొదట్లో తలుపు చాటున ఏడ్చే కొత్తకోడలు. ఆమె కోసం ఊరూరా ఏడ్చారు. తర్వాత ఎదురుతిరిగి, కూలిపోయే సంసారాన్ని నిలబెట్టిన ధీరురాలు. ఆ పైన ఈ చెవిలో ఒకటి, ఆ చెవిలో ఒకటి ఊది పని చక్కబెట్టుకునే జిత్తులమారి. ఈ నాలుగేళ్లుగా ఇంటిల్లిపాదినీ గడగడలాడించే రాక్షసి. "ఆవిడ గొంతు వినపడితే మా పాప అన్నం ముద్ద వదిలేసి పారిపోతోంది" అని మొన్న ఒక తల్లి ఉత్తరం రాసింది.

తప్పంతా నాటకం రాసే మాస్టారిది. ఆయన గది మేడ మీద. మెట్లెక్కుతూ ఆయన్ని తిట్టని తిట్టు లేదు. పొద్దున ఇంట్లో కలిగిన చిరాకు కూడా ఆయన నెత్తినే రుద్దాలని నిశ్చయించుకున్నాను.

ఆ చిరాకు మా అమ్మాయి వల్ల. వేరే ఊళ్లో దానికి ఉద్యోగం వచ్చింది. ఈ రోజు రెండు గంటల రైలెక్కితేనే రేపు చేరగలదు. చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని వాళ్లు ముందే చెప్పారు. సంచీ సర్దుకుని వంటగది గుమ్మంలో నిలబడి, "వెళ్లనా అమ్మా?" అంది. నేను కాదనలేదు. "నీ ఇష్టం" అన్నాను. అంతే, సంచీలోంచి బట్టలు ఒక్కొక్కటీ తీసి మళ్లీ బీరువాలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. సరేనన్నా మొహం మాడ్చుకుంటే నేనేం చెయ్యను అని విసుక్కుంటూ వచ్చేశాను.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"బంగారంలాంటి మనిషిని రాక్షసిని చేశారు. ఇప్పుడు చంపేస్తారా?" అన్నాను, కూర్చోకుండానే.

"నేను చేశానా?"

"మరి నేను చేశానా?"

ఆయన బీరువాలోంచి నాలుగు పాత స్క్రిప్టులు తీసి బల్ల మీద పరిచారు. "ఆఖరి మాట చదువమ్మా."

చదవక్కర్లేదు. ప్రతి శనివారం నాటకం వదిన మాటతోనే ముగుస్తుంది. ఆ మాట ఎప్పుడూ "మీ ఇష్టం". వీధిలో పిల్లలు కూడా నన్ను చూసి ఆ మాటే అంటారు. మాస్టారికి ఇంకో పట్టుదల కూడా ఉంది. మాట పక్కన బ్రాకెట్లో కోపంగా, బాధగా అని ఎన్నడూ రాయరు. అలా రాస్తే నటుల నోరు కట్టేసినట్టేనని ఆయన వాదం.

"పన్నెండేళ్లూ అక్షరం మార్చలేదు," అన్నారు. "మీకు నచ్చినట్టు చెయ్యండి, నేను మీ వెంట ఉంటాను అనే అర్థంతోనే రాశాను. నువ్వెలా పలికావో శనివారం విని, తర్వాతి వారం కథ రాసుకునేవాణ్ని. వదిన ఎటు పోతోందో నాకు చెప్పింది నీ గొంతే."

నమ్మలేదు. ఆయన కంప్యూటర్లో నా పాత రికార్డింగుల్లోంచి నాలుగు ముక్కలు వరసగా పెట్టారు.

మొదటిది కన్నీళ్లు మింగుతున్న గొంతు. రెండో దాంట్లో "మీ" మీద పట్టు ఉంది, చూసుకుందాం అన్నట్టు. మూడో దాంట్లో నవ్వు ఉంది, ఆ నవ్వు వెనక ఏదో దాచుకుంది. నాలుగోది వచ్చింది.

"మీ... ఇష్టం."

మధ్యలో చిన్న ఖాళీ. చేసి చూడండి, తర్వాత మీ సంగతి చెబుతా అని ఆ ఖాళీ అంటోంది.

ఆ ఖాళీ స్టూడియోలో నేర్చుకున్నది కాదు. పొద్దున వంటగదిలో, గరిటె పొయ్యి మీద టక్కున కొట్టి, కూతురి మొహం చూడకుండా అన్నాను. నీ... ఇష్టం. ఎప్పటి నుంచి అలా అంటున్నానో గుర్తు చేసుకోబోయి భయం వేసి ఆపేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఈ పెద్దాయన మీద పడ్డాను.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"బట్టలు సర్దావా?"

"సర్దేశానమ్మా. బీరువాలో."

నీ ఇష్టం అనాలనుకున్నాను, మొదటి ముక్కలోని గొంతుతో. నోరు తిరగలేదు. గొంతు మీద బతికేదాన్ని, రెండు మాటలు పలకలేకపోయాను.

"నిన్ను వెళ్లమనే అంటున్నానే," అన్నాను చివరికి.

అవతల అది నా మాటలో ముల్లు ఎక్కడుందోనని వెతుక్కుంటోందని అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

"నీ ఇష్టం అమ్మా" అంది.

అదే గొంతు. తలుపు చాటు కొత్తకోడలి గొంతు. ఎక్కడో పోగొట్టుకున్నాననుకున్నది నా ఇంట్లోనే, నా కూతురి నోట్లో ఉంది. అక్కడ పెట్టింది నేనే. మాస్టారు కూడా విన్నట్టున్నారు, తల దించుకున్నారు.

"నా ఇష్టం సంగతి వదిలెయ్. నీకేం కావాలో చెప్పు."

"వెళ్తానమ్మా" అంది, ఎవరైనా వింటారేమో అన్నంత చిన్నగా.

"బట్టలు మడత పెట్టకు, ఎలా ఉన్నవి అలా సంచీలో కుక్కెయ్. నేను వస్తున్నా, స్టేషనుకి కలిసి వెళ్దాం."

చేతిసంచీ తీసుకుని గుమ్మం దాటుతుంటే మాస్టారు వెనక నుంచి అడిగారు. "మరి శనివారం వదిన సంగతేం చేద్దామమ్మా?"

"మీ ఇష్టం మాస్టారూ," అన్నాను, మెట్లు దిగుతూనే.

ఏ గొంతుతో అన్నానో నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి ఆయన మొహం చూసే ధైర్యం కూడా చెయ్యలేదు.