మాంసం కొట్టిన చేయి

అహ్మద్‌ది వడ్డేపల్లిలో మటన్ దుకాణం. 2006 ఎండాకాలంలో స్పృహ తప్పిన ఆరు నెలల కుక్కపిల్లను భుజాన వేసుకుని, గద్వాలలో నేను నడిపే పశువుల క్లినిక్‌కు వచ్చాడు.

"నెల రోజులసంది తిన్న గంటకు సోయి తప్పుతది సార్. గోడకు తల ఆనించి నిలబడుతది."

"ఏం పెడుతున్నవ్?"

"కార్జం సార్. నీరసంగ ఉందని, గిరాకీకి గూడ ఇయ్యకుండ దీనికే తీసిపెడుత."

నాకు ఒళ్లు మండింది. పుట్టుకతోనే దాని రక్తం కార్జంలో శుభ్రపడకుండా పక్కదారిన పోతోందనీ, మాంసం అరిగితే పుట్టే విషం మెదడుకెక్కుతోందనీ అరిచినట్టే చెప్పాను.

"నెల కిందనే తేవద్దా? ఇంక మాంసం ముట్టనియ్యకు. పెరుగన్నమే పెట్టు."

సెలైన్ ఎక్కుతుండగా కుక్కపిల్ల కళ్లు తెరిచి, అహ్మద్ వేళ్లు నాకబోయింది. అతను నిప్పు తగిలినట్టు చేయి లాక్కున్నాడు.

"పొద్దున మాంసం కొట్టిన చేయి సార్."

అది ఆ చేతి కోసం మెడ చాచింది. అతను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. నాకితే ఏమీ కాదని నేను చెప్పాల్సింది. కోపంలో ఉన్నాను, చెప్పలేదు.

కాసేపటికి చాచిన మెడ అలాగే బల్లమీద వాలిపోయింది. ఊపిరి ఆగిపోయింది.

"ఇప్పుడు పట్టుకోవచ్చా సార్?" అన్నాడు అహ్మద్.